కొంగబొమ్మ సబ్బు

బహుమతి వచ్చిందని ఫోను మోగిన సమయానికి చిన్నకోడలు స్నానాలగది అద్దం ముందు నిలబడి, ఒకే గ్లాసులో ఒకదాని మీద ఒకటి వాలి ఉన్న రెండు బ్రష్షులను చూసి నవ్వుకుంటోంది. ఒకటి నీలం, ఒకటి పసుపు. పెళ్ళయి ఇంకా ఒక వానాకాలమైనా నిండా గడవలేదు. ఇంత చిన్నదానికి ఎవరైనా నవ్వుతారా అంటే, ఆమెకు నవ్వొస్తోంది, అంతే. అందుకే భర్త ఆమెను ‘బుడగా’ అని పిలవడం మొదలుపెట్టాడు. సబ్బులు చేసేవాడు పెళ్ళానికి అంతకంటే మంచి పేరు ఎక్కడ వెతుకుతాడు. నెల తిరక్కుండానే ఇంటిల్లిపాదికీ అదే పేరు అలవాటైపోయింది.

హాల్లోంచి బావగారి గొంతు గోడలు దాటి వస్తోంది. కాఫీ పడేదాకా పెదవి విప్పని మనిషి ఇంత పొద్దున్నే ఇంత గట్టిగా మాట్లాడుతున్నాడంటే విశేషమేదో ఉందని బుడగ తడిచేతులతోనే పరుగెత్తింది.

విశేషమే. ఈ ఏడు వచ్చిన వెబ్‌సైట్లన్నిటిలోకీ అందమైనది తమ సబ్బుల కంపెనీదేనని వ్యాపారుల సంఘం తేల్చింది. వచ్చే వారం సంఘం అధ్యక్షుడు స్వయంగా ఇంటికే వచ్చి బహుమతి ఇస్తాడట. కంపెనీ పెట్టిన పెద్దావిడతో కలిసి ఫోటో కూడా దిగుతాడట. పెద్దకోడలు చేతిలోని పళ్ళెం బల్ల మీద పెట్టి మొగుడి భుజం తట్టింది. ఇంటి వెనక పనిగదిలో నూనె కాస్తున్న చిన్నకొడుకు చేతి తొడుగులతోనే వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

బల్ల చివర కూర్చున్న అత్తగారు మాత్రం కప్పు రెండు చేతులతో పట్టుకుని, గొంతు ఎటు నుంచి వస్తే అటు మొహం తిప్పి వింటోంది. కొన్నేళ్ళుగా ఆవిడ చూపు కొంచెం కొంచెంగా తగ్గుతూ వచ్చి, ఇప్పుడు వెలుగూ చీకటీ తప్ప మరేమీ తెలియని స్థితికి చేరింది.

“చాలా సంతోషం రా పెద్దోడా,” అంది. “అయితే ఇప్పుడైనా నా బోణీ చేసుకోవచ్చా?” అని అడిగింది.

ఆ ఇంట్లో దానికొక లెక్కుంది. కొత్త సబ్బు ఏది తయారైనా, కొత్త దుకాణం ఎక్కడ తెరిచినా, మొదటి బిళ్ళను అత్తగారు తన డబ్బుతో, తన చేత్తో కొంటుంది. మిగతావాళ్ళు కొనేది ఆ తరవాతే. కొడుకులు పుట్టకముందు నుంచీ ఉన్న అలవాటది. వెబ్‌సైట్ మొదలుపెట్టిన రోజు మాత్రం ఆ బోణీ జరగలేదు. తరవాత చూద్దాంలే అమ్మా, అన్నాడు పెద్దకొడుకు. ఆ తరవాత ఇంకా రాలేదు.

ఇప్పుడు కూడా ఆయన నవ్వేశాడు. నీకు కావాలంటే పెట్టెలకు పెట్టెలు నేనే తెచ్చి పెడతాను కదా, కొనడమెందుకు అన్నాడు. నాకు నేనుగా కొనుక్కోవాలని ఉందిరా, ఆ సైటు నా ఫోనుతో మాట్లాడటం లేదు అని ఆవిడ మళ్ళీ అంది. బహుమతి వచ్చిన మత్తులో ఉన్నాడేమో, నాలుక అదుపు తప్పింది.

“అమ్మా, కళ్ళు కనిపించనివాళ్ళ కోసం సైటు కడితే దానికి ఈ బహుమతి వచ్చేదా? అయినా అలాంటివాళ్ళు మన సబ్బు కొనేవాళ్ళలో ఎంతమంది ఉంటారు చెప్పు.”

ఆ మాట ఎవరికి తగిలిందో ఆయనకు పట్టలేదు, అప్పటికే సంఘానికి జవాబు రాసుకుంటున్నాడు. అత్తగారు కప్పు కింద పెట్టి, బల్ల అంచు మీద చూపుడువేలు ఒక కొస నుంచి ఇంకో కొసకు మెల్లగా జరిపింది. ఆవిడకు కోపం వచ్చినప్పుడు అలా చేస్తుందని బుడగకు అప్పటికి తెలియదు. తెలిసిన భర్త మాత్రం ఆ వేలు చూసి పనిగదిలోకి జారుకున్నాడు.

*

ఆ సబ్బుల కథ బుడగకు పెళ్ళిచూపులనాడే తెలుసు. వంటింట్లో ఒక్క గిన్నెతో అత్తగారు మొదలుపెట్టిన వ్యాపారమది. గులాబీ, నిమ్మ, పుదీనా అని మూడు రకాలు. మిగతా సబ్బులకూ వాటికీ తేడా ఒక్కటే. ప్రతి బిళ్ళ అంచు మీదా చిన్న గాట్లుండేవి. గులాబీకి ఒకటి, నిమ్మకు రెండు, పుదీనాకు మూడు. మొహానికి సబ్బు పూసుకుని కళ్ళు మూసుకున్నాక అందరమూ గుడ్డివాళ్ళమేనే పిల్లా, కళ్ళు మూసుకున్నా మన సబ్బు చేతికి దొరకాలి అనేది ఆవిడ. ఈ మాట తన చూపు బాగా ఉన్న రోజుల నుంచీ అంటున్నదే.

కంపెనీ పెద్దకొడుకు చేతికి వచ్చాక గాట్లు పోయాయి. ఫోటోల్లో అవి పగుళ్ళలా కనిపిస్తున్నాయని నున్నటి అచ్చులు చేయించాడు. పాత అచ్చులను తన చేత్తో చెక్కిన చిన్నకొడుకు ఆ రోజు అన్నం తినలేదని పెద్దకోడలే బుడగకు చెప్పింది. ఆ తరవాత వచ్చిందే ఈ వెబ్‌సైట్.

బావగారు ఆఫీసుకు వెళ్ళగానే అత్తగారు తన గదిలోకి బుడగను పిలిచి మంచం మీద పక్కన కూర్చోబెట్టుకుంది. ఆవిడ ఫోను మాట్లాడుతుంది. తెర మీద వేలు జరిపితే అక్కడ ఏముందో చదువుతుంది, రెండుసార్లు తడితే నొక్కినట్టు లెక్క. దానితోనే ఆవిడ వార్తలు వింటుంది, కరెంటు బిల్లు కడుతుంది, స్నేహితురాళ్ళతో గంటలు గంటలు పోట్లాడుతుంది.

“చూడు, మీ బావగారి బహుమతి వైభోగం,” అని సైటు తెరిచింది.

వేలు జరిపింది. “చిత్రం” అంది ఫోను. ఇంకొంచెం జరిపింది. “చిత్రం.” మళ్ళీ జరిపితే “బటన్”. దేనికి బటనో చెప్పదు. “చిత్రం. బటన్. బటన్. చిత్రం.” గులాబీ ఏదో, నిమ్మ ఏదో, ధర ఎంతో ఒక్కటీ లేదు. అక్షరాలన్నీ బొమ్మల్లో కలిపి గీసినవి కాబట్టి ఫోనుకు అవి అక్షరాలని కూడా తెలియదు. ఏదో ఒక బటన్ గుడ్డిగా నొక్కి ముందుకు పోతే, మీరు మనిషేనని నిరూపించుకోండి, ఈ బొమ్మల్లో సైకిళ్ళు ఉన్నవాటిని ఎంచుకోండి అంది. ఆ తరవాత సమయం అయిపోయిందని మొదటికి తెచ్చి పడేసింది.

“మనిషినని నిరూపించుకోవాలిట నేను,” అంది అత్తగారు. “వాడి కడుపుకింత అన్నం పెట్టిన సబ్బు కొనుక్కోవడానికి.”

బుడగకు కళ్ళు చెమర్చాయి, వెంటనే కోపం కూడా ముంచుకొచ్చింది. సాయంత్రం బావగారితో తనే మాట్లాడతానంది. అత్తగారు తల అడ్డంగా ఊపింది. సైటు మొదలైన రోజు నుంచీ తను రోజూ ప్రయత్నిస్తూనే ఉందట. అడిగిందట, బతిమాలిందట, ఒకసారి దెబ్బలాడిందట కూడా. అన్నిటికీ చూద్దాంలే అమ్మా అనే మాటే జవాబు.

“చెవితో విననివాడికి ముక్కుతో చెప్పాలి,” అంది. “ఇప్పుడు చూడు.”

ఆవిడ తెరిచిన రెండో సైటు పేరు వినగానే బుడగ చేత్తో నోరు మూసుకుంది. అది అవతలివాళ్ళది. ఆ ఇంట్లో వాళ్ళ పేరు ఎవరూ పలకరు, ‘అవతలివాళ్ళు’ అంటారంతే. ఒకప్పుడు ఇక్కడ పనిచేసినవాణ్ణి ఎగరేసుకుపోయి, ఇక్కడి గులాబీ వాసనను అచ్చుగుద్దినట్టు దింపేసి, కొంగబొమ్మ ముద్రతో అమ్ముకుంటున్నవాళ్ళు. కొంగ జపం చేసేవాళ్ళకు కొంగబొమ్మ కాక ఇంకేం సరిపోతుంది అనేది అత్తగారు ఎప్పుడూ.

అవతలివాళ్ళ సైటులో ఫోను గలగలా మాట్లాడింది. గులాబీ సబ్బు, గులాబీ రంగు బిళ్ళ, అంచులు గుండ్రంగా ఉంటాయి, చర్మం పొడిబారినవాళ్ళకు మంచిది, ధర ఇంత, సంచిలో వేసుకోవడానికి ఇక్కడ తట్టండి. అత్తగారు తట్టింది, డజను బిళ్ళలు వేసుకుంది. ఇంటి చిరునామా చెప్పింది. డబ్బు కట్టింది. మీ ఆర్డరు అందింది, ధన్యవాదాలు అంది ఫోను. బుడగ సాయం చేద్దామని చాచిన చెయ్యి గాల్లోనే ఉండిపోయింది.

“శత్రువు తలుపు తీసి పట్టుకుని లోపలికి రమ్మన్నాడు,” అంది అత్తగారు. నవ్వుతూనే ఫోనును పరుపు మీద బోర్లా పడేసింది. “కడుపున పుట్టినవాడు మొహం మీద తలుపేశాడు. ఇది నేను ఊరికే మింగుతాననుకున్నాడా?”

ఏం చెయ్యబోతోందో ఆవిడ బుడగ చెవిలో చెప్పింది. బుడగకు ముందు భయం వేసింది. తరవాత నవ్వొచ్చింది. ఆ నవ్వు ఆపుకోలేక దిండులో మొహం దాచుకుంది. కొత్తకాపురంలో ఎన్నో ముచ్చట్లుంటాయని పెళ్ళికి ముందు అమ్మ చెప్పింది కానీ, అత్తగారితో కలిసి కుట్ర చెయ్యడం అందులో ఒకటని చెప్పలేదు.

*

పార్సిలు వచ్చింది. బుడగ దాన్ని తన బీరువాలో కొత్త బట్టల మధ్య దాచింది. దాచడమైతే దాచింది కానీ, తన మొగుడు ఏ పనితో బతుకుతాడో ఆ ఉత్సాహంలో మరిచిపోయింది. ఆ సాయంత్రం అతను గదిలోకి అడుగుపెట్టి, అక్కడే ఆగి, గాలి పీల్చాడు. ఇంకోసారి పీల్చాడు. నేరుగా బీరువా దగ్గరికి వెళ్ళి, మడతల మధ్య నుంచి కొంగబొమ్మ డబ్బా బయటికి లాగాడు.

ఆ క్షణంలో అతని మొహం చూస్తే, పెళ్ళాం బీరువాలో ప్రేమలేఖ దొరికిన మొగుడి మొహం కూడా అంతకంటే మేలేమో అనిపించింది బుడగకు. నవ్వకూడదని పెదవి కొరుక్కుంటూ మొత్తం చెప్పేసింది. అతను మంచం మీద కూర్చుని డబ్బాను అటూ ఇటూ తిప్పుతూ విన్నాడు. ఆ రోజు బల్ల దగ్గర అన్నయ్య అన్న మాట తనకూ గుచ్చుకుందని, చెక్కిన అచ్చులు చెత్తబుట్టలో పడ్డ రోజు నుంచీ లోపల ఒక కసి మిగిలిపోయిందని చివరికి బయటపెట్టాడు.

“స్నానాలగదుల్లో మాత్రమే పెడితే ఏం బావుంటుంది,” అన్నాడు. “చేతులు కడుక్కునే చోటా, వంటింట్లో తొట్టి దగ్గరా, ఎక్కడ చెయ్యి పెడితే అక్కడ ఉండాలి. మన సబ్బన్నది కనపడకూడదు.”

ఇలాంటి మొగుణ్ణి ఇచ్చినందుకు బుడగ ఆ రాత్రంతా దేవుడికి దండం పెట్టుకుంటూనే ఉంది.

*

అధ్యక్షుడు వచ్చే రోజు మధ్యాహ్నానికి ఇల్లు అద్దంలా ఉంది. పెద్దకోడలు కొత్త కర్టెన్లు కట్టింది. పెద్దకొడుకు గోడ మీద తెర పెట్టి సైటును దాని మీద పెద్దదిగా వేసి ఉంచాడు. తెల్లటి తెర మీద పొగమంచులాంటి బూడిదరంగు అక్షరాలు, సన్నగా, దూరం దూరంగా ఉన్నాయి. చూడటానికి హాయిగా ఉందనే చెప్పాలి. చదవడానికి మాత్రం బుడగ రెండడుగులు ముందుకు వెయ్యాల్సి వచ్చింది.

అధ్యక్షుడు బొద్దుగా, సంబరంగా ఉన్న మనిషి. వెంట ఒక ఫోటోగ్రాఫరు. కూర్చోబోతుంటే అత్తగారు ఆపింది. మా ఇంటికి వచ్చినవాళ్ళు టీ తాగేముందు మా సబ్బుతో చేతులు కడుక్కోవాలండీ, మొదటి నుంచీ అదే మర్యాద అంది. అది నిజమే, ఆ ఇంటి పాత అలవాటే. ఆయన సంతోషంగా వెళ్ళాడు. పెద్దకొడుకు ఆయన వెనక తువ్వాలు పట్టుకుని నిలబడ్డాడు. బుడగ గోడకు ఆనుకుని కాలి బొటనవేలితో నేల రాస్తోంది. పక్కనే నిలబడ్డ భర్త, ఎవరూ చూడకుండా, ఆమె చిటికెన వేలు పట్టుకున్నాడు.

నీళ్ళ చప్పుడు ఆగింది. అధ్యక్షుడు చేతులు వాసన చూసుకుంటూ బయటికొచ్చాడు.

“బ్రహ్మాండంగా ఉందండీ వాసన,” అన్నాడు. తరవాత కొంచెం తికమకగా, “దాని మీద కొంగ ఉందేమిటి? గుర్తు మార్చారా?”

పెద్దకొడుకు చేతిలోని తువ్వాలు కిందకు జారింది. లోపలికి వెళ్ళి చూశాడు. వంటింట్లోకి వెళ్ళాడు. స్నానాలగది తలుపు తెరిచిన చప్పుడు, మూసిన చప్పుడు వినిపించాయి. వెనక్కి వచ్చేసరికి అతని మొహంలో నెత్తురు చుక్క లేదు.

“అవతలివాళ్ళ సబ్బు ఈ ఇంట్లోకి ఎవరు తెచ్చారు?”

“నేను,” అంది అత్తగారు. మర్యాదగా అధ్యక్షుడి వైపే మొహం తిప్పి మాట్లాడింది. “మా సైటులోనే కొందామని శతవిధాలా చూశానండీ. నా వల్ల కాలేదు. మీరు బహుమతి ఇచ్చింది దానికే. నాలాంటి దాన్ని కూడా కొననిచ్చే సైటు ఒకటి దొరికితే అక్కడ కొన్నాను. అతిథి చేతులు ఉత్తి నీళ్ళతో కడిగించలేను కదా.”

అధ్యక్షుడు గోడ మీది తెర వంక చూశాడు, ఆవిడ కళ్ళ వంక చూశాడు. చూసి మార్కులు వేశామమ్మా, కళ్ళు మూసుకుని చూడాలన్నది మాకు తట్టలేదు అని గొణిగాడు. ఫోటో ఇంకోసారి తీసుకుందామన్నాడు. టీ సగం తాగి, బహుమతి బల్ల మీద పెట్టి, ఫోటోగ్రాఫర్ని వెంటబెట్టుకుని బయటపడ్డాడు.

*

“నా పరువు నిలువునా తీశావు,” అన్నాడు పెద్దకొడుకు. అతను అరవలేదు, అరిచినా బావుండేదనిపించింది బుడగకు. “నీ మీద నాకు ఎంత గౌరవం అమ్మా. పదిమందిలో నన్ను ఇలా నిలబెడతావా? కన్నతల్లివి నువ్వు. శత్రువు కూడా ఇలా చెయ్యడు.”

“శత్రువు నాకు సబ్బు అమ్మాడురా,” అంది అత్తగారు. “నువ్వు అమ్మలేదు.”

“ఒక్క నీ కోసం…”

“తువ్వాలు తీసుకో. కళ్ళకు కట్టుకో. ఇదిగో నా ఫోను. నీ సైటులో గులాబీ సబ్బు ఒక్కటి కొని పెట్టు. కొంటే నీ కాళ్ళు పట్టుకుని క్షమించమంటాను.”

అతను మంకుపట్టుగా తువ్వాలు కట్టుకుని కూర్చున్నాడు. తను కట్టించిన సైటు, ఏది ఎక్కడుందో నిద్రలో కూడా చెప్పగలడు. వేలు జరిపాడు. చిత్రం. చిత్రం. బటన్. ఇక్కడే ఉండాలి అని తనలో తను అనుకుంటూ నొక్కాడు. వేరే పేజీ తెరుచుకుంది. వెనక్కి వచ్చాడు. మళ్ళీ నొక్కితే పుదీనా సంచిలో పడిందో గులాబీ పడిందో ఫోను చెప్పలేదు. ఎలాగో డబ్బు కట్టే చోటికి చేరేసరికి సైకిళ్ళు ఎంచుకోమంది. నుదుటి మీద చెమట తువ్వాలును తడిపింది. అతను ఆ సైకిళ్ళ దగ్గరే కూర్చుండిపోయాడు, ఫోను సమయం అయిపోయిందని చెప్పేదాకా.

ఎవరూ నవ్వలేదు. నవ్వాల్సిన ఘట్టం ఇదేనని వారం రోజులుగా ఎదురుచూసిన బుడగకు కూడా నవ్వు రాలేదు.

అతను తువ్వాలు లాగేసి, సరే, నీకు కష్టంగా ఉంది, ఒప్పుకున్నాను అన్నాడు. నీ ఒక్కదాని కోసం మొత్తం సైటు పీకి మళ్ళీ కట్టాలా, వ్యాపారం అలా నడవదమ్మా అన్నాడు. ఈ మధ్య అమ్మకాలు ఎందుకు పడిపోయాయో తెలుసా, అవతలివాళ్ళు ధర తగ్గించారు, అదీ కారణం అన్నాడు.

“వాళ్ళు ధర పెంచారురా,” అంది అత్తగారు. “నేను కొన్నాగా, నాకు తెలుసు.”

అప్పుడు ఆవిడ ఒక్కొక్కరి సంగతే చెప్పింది. ఏళ్ళ తరబడి పుదీనా సబ్బు తప్ప వాడని పాటల టీచరు ఉంది కదా, ఆవిడ ఆర్డర్లు ఆగిపోతే పోయిందేమో పాపం అన్నావు. పోలేదు, నిక్షేపంలా ఉంది. ఆవిడ చేతులు వణుకుతాయి, నీ సైటు ఆవిడ వేళ్ళకు సమయం ఇవ్వదు. మూలమీది దర్జీ నీ బూడిదరంగు అక్షరాలు కనపడక విసుగెత్తి అవతలికి పోయాడు. చంటిబిడ్డను ఎత్తుకుని ఒంటిచేత్తో ఫోను పట్టుకునే తల్లి ఆ చిన్న చిన్న బటన్లు నొక్కలేక పోయింది. చెవులు వినపడని బేకరీ ఆయనకు నీ సబ్బు వీడియోలో చెప్పే మాటలు కింద రాసి ఉండవు. వీళ్ళందరితో నేను ఫోనులో మాట్లాడాను. ఒక్కడు కూడా నీకు ఫిర్యాదు చెయ్యలేదు. పోయేవాళ్ళు చెప్పి పోరు నాయనా. పొమ్మనలేక నువ్వు పొగ పెట్టావు, వాళ్ళు కళ్ళు తుడుచుకుని వెళ్ళిపోయారు.

“ఇంట గెలిచి రచ్చ గెలవాలంటారు,” అంది. “నువ్వు రచ్చ గెలిచి ఇంటికొచ్చావు. ఇంట్లో నీ సబ్బు కొనగలిగినవాళ్ళు ఎవరున్నారు?”

“నీ కోడలుందిగా, అడుగు,” అన్నాడు పెద్దకొడుకు భార్య వైపు తిరిగి. “నువ్వు చెప్పు.”

పెద్దకోడలు కొత్త కర్టెను అంచు సర్దుతూ నిలబడింది.

“నాకూ ఆ అక్షరాలు కనపడవండీ,” అంది చివరికి. “చెప్తే వయసైపోయిందంటారని చెప్పలేదు. ఎప్పుడు చూపించినా బావుంది బావుంది అంటున్నాను. రాసిందేమిటో నేను ఈరోజుకీ చదవలేదు.” మెల్లగా, “పైగా మధ్యాహ్నం నుంచీ చేతులు కడుగుతుంటే, ఆ కొంగబొమ్మ సబ్బుతో చర్మం మెత్తగా అయింది,” అని కూడా అనేసి నాలుక కరుచుకుంది.

పెద్దకొడుకు లేచి స్నానాలగదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాడు.

*

మొహం కడుక్కుంటున్న చప్పుడు వినిపించింది. చాలాసేపు వినిపించింది. లోపల ఏం జరిగిందో తరవాత అతనే చెప్పాడు కాబట్టి అందరికీ తెలిసింది. కోపంలో అందిన సబ్బు అందినట్టు మొహానికి రుద్దుకున్నాడు. కళ్ళలోకి నురగ వెళ్ళి మంటెత్తింది. కొంగబొమ్మ సబ్బు చేతిలోంచి జారిపోయింది. కళ్ళు మూసుకుని అల్మారా మీద తడుముతుంటే వెనకాల మూలలో ఒక బిళ్ళ తగిలింది. అంచు మీద ఒక గాటుంది.

అది పాత అచ్చులో పోసిన గులాబీ సబ్బు. చిన్నకొడుకు ఇంట్లోని సబ్బులన్నీ ఏరేసినప్పుడు అత్తగారు దాన్ని అక్కడే ఉండనిమ్మంది. ఎందుకో ఎవరికీ చెప్పలేదు.

తలుపు తెరుచుకుంది. చెంపల మీద ఇంకా నురగతోనే వచ్చి పెద్దకొడుకు తల్లి ముందు నేల మీద కూర్చున్నాడు. చేతిలో ఆ బిళ్ళ ఉంది. బొటనవేలితో గాటును తడుముతూనే ఉన్నాడు.

“ఇది నా కోసం పెట్టావు కదమ్మా,” అన్నాడు.

అత్తగారు చెయ్యి చాచి అతని తల వెతుక్కుంది.

“చిన్నప్పుడు కళ్ళలో నురగ పడిందంటే ఇల్లెగిరిపోయేలా ఏడ్చేవాణ్ణి. గులాబీ తప్ప వేరే సబ్బు ముట్టుకునేవాణ్ణి కాదు. కళ్ళు తెరవలేక తడుముకుంటూ ఏదో ఒకటి పట్టుకుని, అది నిమ్మ అయితే ఇంకా ఏడ్చేవాణ్ణి. అప్పుడు చాకు తీసుకుని గులాబీ మీద గాటు పెట్టావు. కళ్ళు మూసుకున్నా నీది నీకు దొరుకుతుంది, ఏడవకు అన్నావు.” అతను బిళ్ళను గుప్పిట్లో బిగించాడు. “నాకోసం పెట్టిన గాటు నేనే తీసేయించాను. పగులులా ఉందన్నాను. నువ్వు తడుముకుంటుంటే మాత్రం, నీలాంటివాళ్ళు ఎంతమంది ఉంటారన్నాను.”

అతను తల్లి ఒళ్ళో తల పెట్టుకున్నాడు. ఆవిడ కొంగుతో అతని చెంపల మీది నురగ తుడిచింది. తుడుస్తూ తుడుస్తూ ఆవిడ కూడా ఏడ్చింది. బుడగ భర్త భుజం వెనక దాక్కుని ఏడ్చింది. పెద్దకోడలు కొత్త కర్టెనుతోనే ముక్కు తుడుచుకుంది.

బహుమతి తిరిగి ఇచ్చేస్తానన్నాడు పెద్దకొడుకు. అత్తగారు వెంటనే వద్దంది. ఆవిడ గొంతు ఇంకా తడిగానే ఉంది, మాట మాత్రం పదునెక్కింది.

“ఇవ్వకు. నీ బల్ల మీద ఎదురుగా పెట్టుకో. రోజూ దాని మొహం చూస్తూ పని చెయ్యి. నిన్ను క్షమించాను, అది వేరే సంగతి. నా కసి ఇంకా తీరలేదు.”

“ఏం చేస్తే తీరుతుంది?”

అత్తగారు బల్ల అంచు మీద వేలు పెట్టింది. ఈసారి అది కోపం కాదని బుడగకు తెలుసు. ఆ కొస నుంచి ఈ కొస దాకా ఎవరెవరు ఎక్కడ కూర్చోవాలో కొలుచుకుంటోంది.

“రేపు పొద్దున అందరూ స్నానం చేసి ఈ బల్ల దగ్గరికి రావాలి. తువ్వాళ్ళు తెచ్చుకోండి. ఆ సైటు కట్టినవాణ్ణి కూడా పిలు పెద్దోడా, వాడికి నా పక్కనే కుర్చీ. పాటల టీచర్ని నేను పిలుస్తాను, దర్జీని చిన్నోడు తీసుకొస్తాడు. కళ్ళకు కట్టుకుని ఒక్కొక్కరూ ఎక్కడ తట్టుకుని పడుతున్నారో ఆ కట్టినవాడు చూడాలి, చూసింది చూసినట్టు సరిచెయ్యాలి. అది రేపే అవ్వదని నాకు తెలుసు. ఎల్లుండి మళ్ళీ కూర్చుందాం, ఆవలెల్లుండి మళ్ళీ కూర్చుందాం. నా బోణీ నా చేత్తో అయ్యేదాకా ఈ బల్ల మీద ఎవరికీ కాఫీ లేదు.”

కాఫీ అనగానే పెద్దకొడుకు మొహంలో నిజమైన భయం కనిపించింది. చిన్నకొడుకు పనిగది వైపు నడుస్తూ, చెత్తబుట్టలో పడ్డ పాత అచ్చులను ఆ రోజే తీసి అటక మీద దాచానని, రేపటికి దించి కడుగుతానని చెప్పాడు. బుడగకు అంతమందిలో కూడా అతన్ని పరుగెత్తుకెళ్ళి కావలించుకోవాలనిపించింది.

పెద్దకొడుకు లేచి, చేతిలోని గాటు బిళ్ళను జాగ్రత్తగా జేబులో వేసుకోబోయాడు. రేపు స్నానానికి మన సబ్బులు బయటికి తీస్తాను అన్నాడు.

“ఎందుకు,” అంది అత్తగారు. “ఆ కొంగబొమ్మవి ఇంకా ఉన్నాయి కదా. నా డబ్బు పెట్టి కొన్నాను, పారబోస్తామా? రేపు అందరూ వాటితోనే స్నానం చెయ్యండి. నువ్వు రెండుసార్లు రుద్దుకో.”